సిటీ పోలీసు గుండెకు ఒక రూలు, క్యాంపస్ పోలీసు గుండెకు ఇంకో రూలా?

శ్రీవల్లి_బే · మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఎప్పుడూ వంటల విభాగంలోనే తిరుగుతుంటాను. ఈ విభాగంలో రాయడం ఇదే మొదలు. తప్పు చోట రాస్తుంటే మోడరేటర్ గారు మార్చేయండి.

మావారు కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీ క్యాంపస్ పోలీసు. చాలామంది అనుకునేట్టు గేటు దగ్గర గార్డు కాదు. అకాడమీలో చదివి, ప్రమాణం చేసి, తుపాకీ పెట్టుకుని తిరిగే ఆఫీసరు. 14 ఏళ్ల సర్వీసు, వయసు 46. మార్చిలో నైట్ డ్యూటీలో ఉండగా ఛాతీ పట్టేసింది. తనే కారు పక్కకు ఆపి రేడియోలో డిస్పాచ్‌కి చెప్పారు. రెండు స్టెంట్లు వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, కూరలో ఉప్పు తగ్గించానని నా మీద అలగడం తప్ప.

డీడబ్ల్యూసీ-1 ఫారం (ఉద్యోగం వల్ల వచ్చిన గాయానికీ జబ్బుకీ వైద్యం, పరిహారం యజమానిని అడిగే వర్కర్స్ కాంపెన్సేషన్ క్లెయిమ్) నింపి ఇచ్చాం. ముందు ‘ఇంకా పరిశీలిస్తున్నాం’ అని ఒక ఉత్తరం వచ్చింది. నిన్న రెండోది, తిరస్కరిస్తున్నామని. ఉద్యోగం వల్ల వచ్చిందనడానికి వైద్య ఆధారం లేదట, కుటుంబ చరిత్ర ఉందట. మా మామయ్యగారికి 52 ఏళ్లకే బైపాస్ అయింది, నిజమే.

నాకు మంట ఎక్కడంటే, అకాడమీలో ఆయనతో ఒకే బ్యాచ్‌లో ఉన్న స్నేహితుడు పక్క ఊళ్లో సిటీ పోలీసు. రెండేళ్ల కిందట అతనికీ ఇదే జబ్బు, వాళ్ల నాన్నగారికీ ఉంది. క్లెయిమ్ పెద్ద గొడవ లేకుండా ఒప్పుకున్నారు. ‘నాకు ప్రిజంప్షన్ ఉంది, మీకు లేదనుకుంటా’ అన్నాడు. అదేంటో, ఎందుకు లేదో ఎవరికైనా తెలుసా?

ఏ యూనివర్సిటీ అని మాత్రం అడక్కండి. ఆయన వద్దన్నారు.

కిట్టు_సాన్‌హోసే · మంగళవారం, రాత్రి 11:15

ముందుగా మీవారు త్వరగా కోలుకోవాలి. కానీ ఒక మాట అంటే ఏమీ అనుకోకండి. మా టీమ్‌లో 41 ఏళ్ల కుర్రాడికి స్టెంట్ పడింది. మనవాళ్లలో ఇంటికొకరు ఉన్నారు. మేమెవరం కంపెనీ మీద క్లెయిమ్ వేయలేదు. క్యాంపస్‌లో పార్కింగ్ టికెట్లు రాసేవాళ్లకి సిటీ పోలీసుతో సమానంగా ఇవ్వాలంటే ఆ డబ్బు ఎక్కడిది? మా అమ్మాయి ఫీజు లోంచేగా.

రఘు_వేగాస్ · మంగళవారం, రాత్రి 11:31

పార్కింగ్ టికెట్లా? మా ఊళ్లో 2023 డిసెంబర్ 6న యూఎన్‌ఎల్‌వీలో (యూనివర్సిటీ ఆఫ్ నెవాడా, లాస్ వేగాస్) కాల్పులు జరిగి ముగ్గురు ప్రొఫెసర్లు పోయారు. ఆ రోజు దుండగుణ్ణి ఎదుర్కొని ఆపింది యూనివర్సిటీ పోలీసులే. నా మేనకోడలు ఆ పక్క బిల్డింగులో బెంచీల కింద కూర్చుని మెసేజ్‌లు పెట్టింది. మాట కాస్త చూసి వాడు తమ్ముడూ.

మురళి_క్లెయిమ్స్ · బుధవారం, ఉదయం 6:20

శ్రీవల్లి గారూ, నేను లాయర్ని కాదు. పదకొండేళ్లుగా క్లెయిమ్స్ అడ్జస్టర్‌ని. అంటే మీకు వచ్చిన ఆ ఉత్తరాల్లాంటివి రాసే బాపతు. తిట్టుకోవాలంటే తిట్టుకోండి గానీ ఇది పూర్తిగా చదవండి.

మామూలు క్లెయిములో జబ్బుకూ ఉద్యోగానికీ ఉన్న సంబంధాన్ని ఉద్యోగే నిరూపించుకోవాలి. ప్రిజంప్షన్ ఉంటే ఆ బరువు అటు తిరుగుతుంది. ‘ఫలానా ఉద్యోగికి సర్వీసులో ఫలానా జబ్బు బయటపడితే అది ఉద్యోగం వల్ల వచ్చినట్టే లెక్క’ అని చట్టమే ముందుగా అనేసుకుంటుంది. కాదనదలుచుకుంటే యజమాని ఆధారాలు తేవాలి.

ఇక అసలు తిరకాసు. కాలిఫోర్నియా లేబర్ కోడ్‌లో 3212 నుంచి 3213.2 దాకా ఇలాంటి సెక్షన్లు వరసగా ఉన్నాయి. వాటిలో ఎక్కడా ‘పోలీసులందరికీ’ అని ఉండదు. జబ్బును బట్టి, ఉద్యోగాన్ని బట్టి వేర్వేరు సెక్షన్లు, ఒక్కో సెక్షనుకు విడిగా పేర్ల జాబితా. వేర్వేరు ఏళ్లలో వేర్వేరు సంఘాలు శాసనసభ చుట్టూ తిరిగి తమ పేరు చేర్పించుకున్నాయి. అందుకే జాబితాలన్నీ ఒకేలా ఉండవు.

గుండెజబ్బు, న్యుమోనియా 3212.5లో ఉన్నాయి. అందులో సిటీ పోలీసు, షెరిఫ్, డిప్యూటీ షెరిఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో ఇన్వెస్టిగేటర్లు, హైవే పెట్రోల్ ఉన్నారు. మీవారి స్నేహితుడు అందులో పడ్డాడు, అయిదేళ్ల సర్వీసు దాటితే చాలు. యూనివర్సిటీ పోలీసు అన్న మాట అందులో లేదు. చిత్రం చూడండి, 3212.4 అని పక్కనే ఇంకో సెక్షనుంది. అది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఫైర్ డిపార్ట్‌మెంటు వాళ్లకి గుండెజబ్బు ప్రిజంప్షన్ ఇస్తుంది. అదే క్యాంపస్, అదే యజమాని. మంటలార్పే గుండెకు ఉంది, కాపలా కాసే గుండెకు లేదు.

క్యాన్సర్ 3212.1లో ఉంది. ఫైర్ వాళ్లకి 1982లో వచ్చింది, పోలీసుల్ని తర్వాత చేర్చారు. ఏ పోలీసులంటే పీనల్ కోడ్ 830.1లో ఉన్నవాళ్లు, 830.2లో ‘ఎ’ క్లాజులో ఉన్నవాళ్లు, ఇంకా 830.37లో కొందరు. ఆ 830.2 తీసి చూస్తే ‘ఎ’ హైవే పెట్రోల్, ‘బి’ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) పోలీసు, ‘సి’ కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) పోలీసు. ఒకే సెక్షన్లో మూడు పక్కపక్క క్లాజులు. క్యాన్సర్ జాబితా ‘ఎ’ దగ్గర ఆగిపోయింది.

గోదారి_సత్తి · బుధవారం, ఉదయం 7:05

పెళ్లి పంక్తిలో కూచోబెట్టి, ఒక విస్తట్లో గారె వేసి పక్క విస్తరి దాటేసినట్టుంది.

శ్రీవల్లి_బే · బుధవారం, ఉదయం 7:48

మురళి గారూ, తిట్టుకోవడమేంటండీ. మూడు నెలల్లో ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి మా విస్తట్లో ఏదైనా పడిందా, అన్నీ దాటేశారా?

మురళి_క్లెయిమ్స్ · బుధవారం, మధ్యాహ్నం 12:30

లంచ్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటనల తర్వాత మనసుకు పట్టుకునే జబ్బు) పడింది. 3212.15, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 830.2 ‘ఎ’తో పాటు ‘బి’, ‘సి’ కూడా ఉన్నాయి, అంటే యూసీ, కాల్ స్టేట్ ఇద్దరూ. ఆరు నెలల సర్వీసు ఉండాలి. మామూలుగా మానసిక జబ్బు క్లెయిములో అన్ని కారణాల్లోకీ ఉద్యోగం వాటా సగానికి మించి ఉందని చూపించాలి. చాలా కష్టం. ఈ సెక్షన్ కింద ఆ బరువు తప్పుతుంది. దీనికి గడువు తేదీ ఉంది. మొదట 2025 అన్నారు, తర్వాత 2029 జనవరి 1 దాకా పొడిగించారు.

నడుం నొప్పి సగం పడింది. 3213.2ని మా ఆఫీసులో బెల్టు సెక్షన్ అంటాం. తుపాకీ, బేడీలు, లాఠీ మోసే బెల్టు అయిదేళ్లు కట్టిన ఆఫీసరుకు నడుం కిందిభాగం దెబ్బతింటే ఉద్యోగం వల్లనే అని లెక్క. ఆ జాబితాలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పోలీసుల్ని పేరు పెట్టి రాశారు. కాల్ స్టేట్‌ని రాయలేదు. బెల్టు బరువు రెండు చోట్లా ఒకటే.

మీవారిది ఈ రెంటిలో ఏ యూనివర్సిటీయో నేను అడగను. రెండూ చెప్పాను, మీరే చూసుకోండి.

శ్రీవల్లి_బే · బుధవారం, మధ్యాహ్నం 12:52

చూసుకున్నాం. ఆయన చదివి నవ్వారు. మాది ఏదో ఇక్కడ చెప్పను.

అనూహ్య_ఎల్‌ఏ · బుధవారం, సాయంత్రం 5:10

పీటీఎస్‌డీ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. మా అన్నయ్య కూడా ఒక క్యాంపస్‌లో ఆఫీసరే. కాల్పులూ అవీ కాదు, అతన్ని తినేసింది ‘వెల్‌ఫేర్ చెక్’. పిల్లాడు ఫోన్ ఎత్తడం లేదని ఎక్కడో దూరాన్నుంచి తల్లి ఫోన్ చేస్తుంది. వీళ్లు వెళ్లి హాస్టల్ గది తలుపు తీయించాలి. చాలాసార్లు పిల్లాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోతుంటాడు. కొన్నిసార్లు కాదు. ఒకసారి ఆ తల్లి తెలుగులో ఏడుస్తుంటే ఫోన్ అన్నయ్యకే ఇచ్చారు, భాష వచ్చని. ఆ తర్వాత ఏడాది పాటు మా ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

క్లెయిమ్ వేయనన్నాడు. ‘పోలీసువి, నీకేంటి డిప్రెషన్’ అంటారని భయం. చివరికి వదిన వేయించింది. ప్రిజంప్షన్ ఉన్నా డయాగ్నసిస్ సరిగ్గా ఉండాలి. ‘స్ట్రెస్’, ‘నిద్రలేమి’ అని రాస్తే ఆ సెక్షన్ వర్తించదు. సైకియాట్రిస్టో సైకాలజిస్టో పీటీఎస్‌డీ అని పూర్తి పరీక్ష చేసి తేల్చాలి. మాకు ఆ ఒక్క మాట దగ్గరే నాలుగు నెలలు పోయాయి.

కిట్టు_సాన్‌హోసే · బుధవారం, రాత్రి 9:20

అనూహ్య గారూ, చదివాక మనసు బాగాలేదు. పార్కింగ్ టికెట్ల మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. గుండెజబ్బు మన జీన్స్‌లోనే ఉంది. మామగారికి 52కే బైపాస్ అయితే, కొడుకు అదే వయసు దగ్గరికొచ్చేసరికి స్టెంట్ పడితే, ఉద్యోగం కారణమని చట్టం ‘అనేసుకోవడం’ న్యాయమా? అందరికీ పేర్లు కలుపుతూ పోతే ఎక్కడ ఆగాలి?

మురళి_క్లెయిమ్స్ · బుధవారం, రాత్రి 10:45

ఇది సరైన ప్రశ్న. ప్రిజంప్షన్ అనేది ల్యాబులో తేలిన నిజం కాదు, శాసనసభ తీసుకున్న నిర్ణయం. కొన్ని ఉద్యోగాల్లో రుజువు చూపించడం దాదాపు అసాధ్యం కాబట్టి, అనుమానం వస్తే ఉద్యోగి వైపు మొగ్గుదాం అనుకున్నారు. ఆ నిర్ణయమే తప్పని మీరు వాదించవచ్చు. కానీ ఒకసారి తీసుకున్నాక, ఒకే అకాడమీ, ఒకే తుపాకీ, ఒకే నైట్ షిఫ్టు ఉన్న ఇద్దరిలో ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడానికి వైద్య కారణం ఏముంది? నాకైతే కనబడదు. ఆ జాబితా రాసిన ఏడాది ఎవరు గదిలో ఉన్నారన్నదే కారణం.

శ్రీవల్లి గారు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. ప్రిజంప్షన్ లేకపోతే దెబ్బ ఒక్క చోట కాదు. సిటీ ఆఫీసరు విషయంలో, అంతకుముందే ఉన్న ఏ జబ్బుకూ ఆ గుండెజబ్బును అంటగట్టకూడదని 3212.5లోనే రాసుంది. బీపీ ఉంది, సుగర్ ఉంది అని తప్పించుకోవడానికి లేదు. శాశ్వత వైకల్యం లెక్క కట్టేటప్పుడు కూడా ఆ కేసుల్లో కోత లేదు, లేబర్ కోడ్ 4663లో మినహాయించారు. మీవారికి ఆ రెండు రక్షణలూ లేవు. డాక్టరు ‘వంశం, బీపీ 60 శాతం, ఉద్యోగం 40 శాతం’ అని రాస్తే వైకల్యం డబ్బు ఆ 40కే వస్తుంది.

గడువు కూడా తేడానే. మామూలు క్లెయిము తేల్చడానికి యజమానికి 90 రోజులు. 2022లో వచ్చిన ఎస్‌బీ 1127 అనే చట్టం తర్వాత ప్రిజంప్షన్ ఉన్న చాలా క్లెయిములకు అది 75 రోజులు. కారణం లేకుండా తిరస్కరిస్తే 50,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. ఆ జరిమానా వచ్చాక మా ఆఫీసులో ఫైళ్లు ఎంత జాగ్రత్తగా చదువుతున్నారో చెబితే నవ్వుతారు.

రఘు_వేగాస్ · గురువారం, ఉదయం 8:15

మా నెవాడాలో ఈ గొడవ లేదు. ఇక్కడ ‘పోలీస్ ఆఫీసర్ అంటే ఎవరు’ అని రాష్ట్ర చట్టం ఎన్‌ఆర్‌ఎస్ 617.135లో ఒకే చోట జాబితా ఇచ్చారు. అందులో నెవాడా ఉన్నత విద్యా వ్యవస్థ పోలీసు విభాగం కూడా ఉంది. గుండెజబ్బు సెక్షనైనా ఊపిరితిత్తుల సెక్షనైనా ‘పోలీసు’ అంటే చాలు, వాళ్లూ వచ్చేస్తారు. గుండెకు అయిదేళ్ల సర్వీసు దాటితే అది మామూలు ప్రిజంప్షన్ కూడా కాదు, తిరుగులేనిది.

కానీ మెలిక ఉంది. ఏటా వైద్య పరీక్ష చేస్తారు. బరువు తగ్గు, సిగరెట్ మాను అని డాక్టరు రాతపూర్వకంగా చెబితే, చేతనయ్యీ చెయ్యకపోతే హక్కు పోతుంది. నా ఫ్రెండు ఒకడు ఆ కాగితం అందుకున్న రోజు నుంచి బిర్యానీ చూస్తే పోలీసును చూసిన దొంగలా పారిపోతున్నాడు. వాడే పోలీసు.

సత్యం_మాస్టారు_హైదరాబాద్ · గురువారం, ఉదయం 9:40

మీకు పగలు, మాకు రాత్రి, అయినా మెలకువగానే ఉన్నాను. చిన్న మాట. ఈ ‘అనుకోవడం’ మనకీ కొత్త కాదు. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. షెడ్యూల్లోని పని, దాని ఎదురుగా ఉన్న జబ్బు కుదిరితే, కాదని నిరూపించనంతవరకు ప్రమాదంలో గాయపడినట్టే లెక్క. అక్కడ జాబితా జబ్బునీ పనినీ బట్టి. సీసంతో పనిచేసేవాడికి సీసం విషం, అలాగ. మీ దగ్గర జాబితా యూనిఫాం భుజం మీద ఏ బ్యాడ్జీ కుట్టారన్నదాన్ని బట్టి ఉన్నట్టుంది. మా క్యాంపస్ గేటు దగ్గర ఉన్నవాళ్లు పోలీసులు కారు, ఏజెన్సీ గార్డులు. వాళ్ల సంగతి వేరే కథ, ఇక్కడ కలపను.

పద్మజ_ఆర్‌ఎన్ · గురువారం, రాత్రి 8:30

శ్రీవల్లీ, నేను కార్డియాక్ యూనిట్‌లో నర్సును. చట్టం అన్నయ్యలు చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను.

ముందు ఆ రాత్రి ఎమర్జెన్సీ రికార్డు మొత్తం తెప్పించుకో. చివర ఇచ్చే సారాంశం ఒక్కటీ చాలదు. ట్రియాజ్‌లో (ఎమర్జెన్సీకి రాగానే మొదట చూసే చోట) నర్సు ఏం టైప్ చేసిందో చూడు. ‘డ్యూటీలో ఉండగా మొదలైంది’ అని ఉందా, ఉట్టి ‘ఛాతీ నొప్పి’ అని ఉందా? నొప్పి రావడానికి ముందు గంటలో ఏం చేశారు? ఎవరినైనా పరిగెత్తి పట్టుకున్నారా, గొడవ ఆపారా? ఆ రాత్రి రేడియో లాగ్ కూడా అడగాలి.

రెండోది, మీ కార్డియాలజిస్టు చేత ఉత్తరం రాయించేటప్పుడు ‘ఉద్యోగం కారణం అయ్యుండవచ్చు’ అని రాస్తే చెత్తబుట్టలోకే. నేను అలాంటివి ఎన్నో చూశాను. వైద్యపరంగా ఉద్యోగం పాత్ర ఉండే అవకాశమే ఎక్కువ అని రాయాలి. ఎలా, ఎందుకు అన్నది కూడా రాయాలి. ఎన్నేళ్ల నైట్ షిఫ్టులు, నిద్ర ఎంత, బీపీ ఏ ఏడాది నుంచి పెరిగింది, ఉద్యోగంలో చేరినప్పుడు ఎంత ఉంది. చేరేటప్పుడు మెడికల్ చేసుంటారుగా, ఆ రిపోర్టు బంగారం.

శ్రీవల్లి_బే · గురువారం, రాత్రి 9:05

అక్కా, చేరేటప్పుడు బీపీ నార్మలే. నాకు గుర్తుంది, ఆ రిపోర్టు దేవుడి గదిలో పెట్టి దండం పెట్టుకున్నాం ఉద్యోగం వచ్చిందని.

మురళి గారూ, ఇంతకీ ప్రిజంప్షన్ లేకుండా గెలిచే దారి ఉందా? లేదంటే ఇప్పుడే వదిలేస్తాం. ఆయనకి టెన్షన్ పెంచడం నాకు ఇష్టం లేదు.

మురళి_క్లెయిమ్స్ · గురువారం, రాత్రి 10:10

ఉంది. వదలకండి.

2015లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు సౌత్ కోస్ట్ ఫ్రేమింగ్ అనే కేసులో స్పష్టంగా చెప్పింది. శారీరక జబ్బు విషయంలో ఉద్యోగం ప్రధాన కారణం కానక్కర్లేదు, కారణాల్లో అదీ ఒకటైతే చాలు. ఇంత శాతం ఉండాలని లెక్క లేదు. మామగారి బైపాస్ నిజం కావచ్చు, 14 ఏళ్ల నైట్ షిఫ్టులూ నిజం కావచ్చు. రెండూ కలిసి నిజం కావచ్చు. పైన చెప్పిన కోత శాశ్వత వైకల్యం డబ్బుకే. క్లెయిమ్ నిలబడితే వైద్యం ఖర్చులో శాతాలు పంచరు, ఆ గుండెకు జీవితాంతం వైద్యం వాళ్లే చూసుకోవాలి. 46 ఏళ్ల మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు చేయాల్సింది. తిరస్కరణ వచ్చాక కేసు వర్కర్స్ కాంపెన్సేషన్ అప్పీల్స్ బోర్డులో వేయాలి. మామూలుగా గాయం తేదీ నుంచి ఏడాది గడువు. నెమ్మదిగా వచ్చే జబ్బుల్లో ఆ తేదీ లెక్క వేరుగా ఉంటుంది కానీ దాని మీద ఆధారపడకండి, మార్చి నుంచే లెక్కపెట్టుకోండి. క్యూఎంఈ అనే తటస్థ డాక్టరు పరీక్ష ఉంటుంది. ముగ్గురి పేర్లతో లిస్టు వస్తుంది. లాయరు లేకపోతే మీరే ఒకరిని ఎంచుకోవాలి, ఉంటే ఇరుపక్షాలూ చెరో పేరు కొట్టేస్తారు. లిస్టు రాకముందే లాయర్ని పెట్టుకోండి. ఒకసారి ఆ డాక్టరు పరీక్ష చేసేశాక వేరేవాళ్లు కావాలంటే చాలా కష్టం. ఫీజు ముందుగా కట్టేది లేదు, చివర్లో జడ్జి ఆమోదించాకే.

నేను అవతలి పక్క ఉండి ఈ మాటలు చెబుతున్నానని మా మేనేజరుకు చెప్పకండి.

కిట్టు_సాన్‌హోసే · గురువారం, రాత్రి 10:30

మా కజిన్ శాక్రమెంటోలో వర్కర్స్ కాంప్ లాయరు. ఉద్యోగుల పక్షమే. నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పంపాను శ్రీవల్లి గారూ.

గోదారి_సత్తి · గురువారం, రాత్రి 10:33

కిట్టు మారిపోయాడు, స్క్రీన్‌షాట్ తీసిపెట్టండి.

శ్రీవల్లి_బే · 24 రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 11:20

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. కిట్టు గారి కజిన్‌నే పెట్టుకున్నాం. కేసు వేశారు, క్యూఎంఈ లిస్టుకి అప్లై చేశారు. గెలుస్తామని ఆమె చెప్పలేదు, ‘ఫైలు బాగుంది’ అని మాత్రం అంది.

ఫైలు ఎందుకు బాగుందంటే, గ్యారేజీలో బొమ్మలకొలువు బొమ్మలున్న అట్టపెట్టె కింద ఆయన జేబు నోటుబుక్కులు దొరికాయి. 14 ఏళ్లవీ ఉన్నాయి. ఏ రోజు ఏ షిఫ్టు, ఎన్ని గంటలు ఎక్కువ చేశారు, ఏ కాల్‌కి వెళ్లారు, అన్నీ చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. ఒక సెప్టెంబర్లో వరసగా 16 రోజులు డ్యూటీ. ఆ నెలలో మా పెళ్లిరోజు ఉంది. ఆ తేదీ కింద ‘హాస్టల్ బి, మూడో అంతస్తు, అబ్బాయి బతికాడు’ అని ఉంది. ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నేనేమో కేక్ తేలేదని రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ బుక్కులన్నీ స్కాన్ చేస్తున్నాను. ఇంకా ఆరేళ్లవి మిగిలాయి.

పద్మజక్కా, ఉప్పు లేకుండా ఆవకాయ పెట్టడం కుదురుతుందా? ఈయన వినడం లేదు. వంటల విభాగంలో అడుగుతాను, అక్కడికి రండి.